లాకు తెరిచే వేళ: బల్ల చుట్టూ ఆడే ఆటలకు కల్పిత నగరాలు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రధారణ ఆట 1974లో వెలువడింది. ఒకరు గేమ్ మాస్టర్‌గా లోకాన్ని వర్ణించడం, బల్ల చుట్టూ చేరిన నలుగురైదుగురు తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్పడం, ఫలితం తేలని చోట పాచికలు వేయడం అనే పద్ధతి దానితోనే జనంలోకి వచ్చింది. ఆ ఆటకు పుట్టుకతో వచ్చిన రంగస్థలం నేలమాళిగ. గళ్ల కాగితం, పెన్సిలు ఉంటే నేలమాళిగ పటం ఎవరైనా గీయవచ్చు. గోడ ఉన్నచోట దారి లేదు, తలుపు ఉన్నచోట ఉంది. ప్రతి గదికీ ఒక అంకె, ఆ అంకె కింద గదిలో ఏముందో రెండు వాక్యాలు. ఆటగాళ్లు ఏ గదిలో ఉన్నారో తెలిస్తే అక్కడినుంచి వాళ్లు వెళ్లగలిగిన చోట్లు రెండో మూడో ఉంటాయి కాబట్టి, గేమ్ మాస్టర్ ముందుగా సిద్ధం చేసుకోవలసిన పనికి ఒక హద్దు ఏర్పడుతుంది.

నగరంలో ఆ హద్దు ఉండదు. నేలమాళిగలో ఆటగాడు ‘ఎడమవైపు తిరుగుతాను’ అంటాడు. నగరంలో అలా ఎవరూ అనరు. ‘ఈ ఉంగరం ఎవరిదో చెప్పగల కంసాలి దగ్గరికి వెళ్తాను’ అంటారు. అక్కడ కదలిక దిక్కును బట్టి, ఇక్కడ పనిని బట్టి. ఈ తేడాను గుర్తించకుండా నేలమాళిగ పద్ధతిలోనే నగరాన్ని కూడా గీయబోవడం వల్ల, వారాల తరబడి శ్రమించి గీసిన పటాలు చాలావరకు ఆటలో ఒక్కసారైనా అక్కరకు రాకుండా పోతాయి. నాలుగు వందల ఇళ్లకు అంకెలు వేసిన పటంలో ఆటగాళ్లు అడిగిన ఆ కంసాలి మాత్రం ఉండడు. ఒక పని మీద బయలుదేరిన మనిషికి ఎవరు అడ్డొస్తారు, ఎక్కడ ఆగవలసి వస్తుంది, ఎంతసేపు పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే పటమే ఆటకు పనికొచ్చే నగర పటం.

అచ్చులో వచ్చిన నగరాలన్నీ ఈ ప్రశ్నలను ఒకే తీరుగా ఎదుర్కోలేదు. 1976లో అమెరికాకు చెందిన జడ్జెస్ గిల్డ్ ప్రచురించిన ‘సిటీ స్టేట్ ఆఫ్ ది ఇన్విన్సిబుల్ ఓవర్‌లార్డ్’ ఈ కోవలో తొలితరం రచన. బాబ్ బ్లెడ్సా రూపొందించిన ఆ నగరంలో వీధివీధికీ పేరుంది. దుకాణం తరువాత దుకాణంగా యజమానుల పేర్లు, వారి బలాబలాలు నమోదై ఉన్నాయి. నేలమాళిగలోని గదుల జాబితాను తెచ్చి వీధుల మీద పరిచినట్టు ఉంటుంది. అలాగని దానిని తీసిపారేయడం సరికాదు. ఆ జాబితాలో అక్కడక్కడా పుకార్లు ఉన్నాయి, ఒకరి గురించి మరొకరు చెప్పుకునే మాటలు ఉన్నాయి. ఏ బల్ల దగ్గరైనా ఆటను ముందుకు నెట్టేవి దుకాణాల ధరలకన్నా ఆ పుకార్లే. 1988లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రచురణకర్త టీఎస్ఆర్ సంస్థ వాటర్‌డీప్ అనే కల్పిత నగరాన్ని భవనాలతో సహా చూపే పెద్ద పటాలను ‘సిటీ సిస్టమ్’ పేరుతో పెట్టెలో పెట్టి అమ్మింది. 2006లో మాంటీ కుక్ రచించిన ‘టాలస్’ ఒకే ఒక్క నగరానికి 672 పుటలు కేటాయించింది. ఈ మూడింటిలోనూ కనిపించే నమ్మకం ఒక్కటే: నగరం ఎంత పూర్తిగా నమోదైతే అంత సజీవంగా ఉంటుంది. గోడకు తగిలించుకోవడానికి ఆ పటాలు ముచ్చటగా ఉంటాయి, తీరికగా చదువుకోవడానికి ఆ పుస్తకాలు బాగుంటాయి. కానీ ఆట నడుస్తుండగా, నలుగురు ఎదురు చూస్తుండగా, 672 పుటల్లో కావలసిన పేరాను వెతకడం వేరే సంగతి.

జాన్ హార్పర్ 2017లో ప్రచురించిన ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’ అనే దొంగల ముఠా ఆట దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. అందులోని డోస్క్‌వోల్ నగరానికి పటం ఉంది కానీ ఇంటింటికీ అంకెలు లేవు. పేటకు ఒక చిన్న వివరణ, కొన్ని గుర్తులు, కొందరు మనుషులు, వాటితోపాటు సంపద, భద్రత, నేరస్థుల పలుకుబడి, అతీత శక్తుల పలుకుబడి ఆ పేటలో ఎంతెంత ఉన్నాయో చెప్పే నాలుగు కొలతలు మాత్రం ఉన్నాయి. అసలు బరువంతా ముఠాల మీద పడింది. ఒక్కో ముఠా స్థాయి ఎంత, ఆటగాళ్లతో దాని సంబంధం స్నేహమా పగా అన్నది అంకెల్లో నడుస్తుంది. అది తలపెట్టిన పని ఎంతవరకు వచ్చిందో గడియారం బొమ్మలోని ముక్కలను నింపుతూ చూపుతారు. ఇంగ్లీషులో ఇలాంటి ముఠాలకు వాడే ‘ఫ్యాక్షన్’ అనే మాటకు తెలుగులో ఇప్పటికే బాంబులు, కొడవళ్లు, రాయలసీమ గుర్తుకొచ్చే వేరే బరువు ఉంది కాబట్టి ‘వర్గం’ అనుకోవడం మేలు. కుల సంఘమైనా, వర్తక సంఘమైనా, గుడి ధర్మకర్తల మండలి అయినా ఆ మాటలో ఇముడుతుంది.

డోస్క్‌వోల్‌లో అన్నిటికన్నా తెలివైన రూపకల్పన పేటల్లోనూ లేదు, ముఠాల్లోనూ లేదు. అది నగరం చుట్టూ ఉన్న మెరుపుల కంచె. దాని అవతల దయ్యాలు తిరిగే బీడు తప్ప మరేమీ లేదు. అంటే దొంగతనం చేసినవాళ్లు ఊరు విడిచి పారిపోలేరు. ఎవరిని మోసం చేశారో ఆ మనిషి ఉన్న ఊళ్లోనే మర్నాడు కూడా తిరగాలి. పటం మీద అది ఒక గీత. చేసిన ప్రతి పనికీ పర్యవసానం తప్పకుండా చేసేది ఆ గీతే. కల్పిత నగరానికి మొదట గీయవలసినవి ఇలాంటి గీతలు: నది, గోడ, కాలువ, కొండ అంచు. వీధులు ఆ తరువాత వాటంతటవే పడతాయి.

నిజమైన నగరాలు ఏర్పడిన వరుస కూడా దాదాపు ఇదే. హైదరాబాదుకు పునాది పడినది 1591లో. మూసీ మీద పురానాపూల్ కట్టినది 1578లో. నగరం కన్నా వంతెన పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ నుంచి నది దాటే దారి ముందు ఏర్పడింది, నాలుగు వీధుల కూడలిలో చార్మినారు తరువాత లేచింది. ఆ నదే 1908 సెప్టెంబరు 28న ఉప్పొంగి వేలాది ప్రాణాలను బలిగొంది. ఆ తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని చింతచెట్టు ఎక్కి ఆ వరదలో సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆట కోసం పటం గీసేవారికి ఈ చెట్టు మంచి పాఠం. పటంలో అది ఒక చుక్క మాత్రమే అయినా, నది స్వభావం, నగరం నష్టం, బతికినవారి కుటుంబాల జ్ఞాపకం ఆ ఒక్క చుక్కలో ఉన్నాయి. ఒక పేటకు ఇలాంటి చుక్క ఒకటి దొరికితే చాలు, వంద ఇళ్లు గీయనక్కరలేదు.

గోడలు ఎలా ఆలోచిస్తాయో ఓరుగల్లు కోటలో చూడవచ్చు. కాకతీయుల ఈ రాజధానిలో రాతి కోట సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం గల వలయం. దాని చుట్టూ కందకం, ఆ వెలుపల అంతకు రెట్టింపు వ్యాసంతో మట్టి కోట. రాతి కోట ద్వారాల్లో దారి తిన్నగా లోపలికి పోదు, మలుపులు తిరుగుతుంది. దూసుకొచ్చే సైన్యం ఆ మలుపు దగ్గర వేగం తగ్గించాలి, ఆ క్షణంలో పైనున్నవారికి చిక్కుతుంది. ఇదే మలుపు ఆటలో సుంకం అధికారి కళ్లుగప్పి బండి తోలుకుపోయేవారికి కూడా వర్తిస్తుంది: ఒకసారి మలుపులోకి వెళ్లాక వెనక్కి తిప్పడం కుదరదు, ముందు ఎవరున్నారో కనబడదు. ద్వారాన్ని పటం మీద గోడకు పెట్టిన కన్నంగా చూపితే ఈ ఇబ్బంది అంతా పోతుంది. ద్వారానికి లోపలి ఆకారం ఉండాలి.

ఓరుగల్లు కొలతలు మరో సందేహాన్ని కూడా తీరుస్తాయి. కల్పిత నగరాలు గీసేవారు ఎక్కువగా చేసే పొరపాటు విస్తీర్ణంలోనే. యూరప్ మధ్యయుగపు జనాభా లెక్కలను ఆటగాళ్ల కోసం సులువు చేస్తూ ఎస్. జాన్ రాస్ రాసిన వ్యాసం ఒకటి ఈ రంగంలో దశాబ్దాలుగా చలామణిలో ఉంది. అందులో నగరానికి ఎకరాకు 61 మంది చొప్పున లెక్క ఉంటుంది. ఆ లెక్కన ఓరుగల్లు రాతి కోట లోపలి సుమారు 280 ఎకరాల్లో 17 వేల మంది పడతారు. అటు నుంచి ఇటు నడిచి దాటడానికి పావుగంట. ‘లక్ష జనాభా గల మహానగరం’ అని రాసి, దానిని దాటడానికి ఒక పగలు పట్టేటట్టు గీసినవారు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అయితే ఆ 61 అన్న అంకెను శాసనంలా తీసుకోకూడదు. ఓరుగల్లు గోడల లోపల నేటికీ పొలాలు కనిపిస్తాయి. ముట్టడికి ఓర్చుకోవలసిన కోట తన పొలాన్ని, చెరువును లోపలే దాచుకుంటుంది. అలాంటి చోట ఎకరాకు ఎందరన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు.

రాస్ వ్యాసంలో మరింత ప్రసిద్ధమైన భాగం వృత్తుల పట్టిక. 1292 నాటి పారిస్ పన్ను జాబితా ఆధారంగా, ఎంత జనాభాకు ఒక్కో వృత్తిదారుడు బతకగలడో అందులో చెబుతారు: చెప్పులు కుట్టేవారు 150 మందికి ఒకరు, రొట్టెలు కాల్చేవారు 800 మందికి ఒకరు, పుస్తకాలు అమ్మేవారు 6,300 మందికి ఒకరు. ఒక్క మహానగరంలో పన్ను కట్టినవారి వివరాలతో లోకంలోని ఊళ్లన్నిటికీ కొలబద్ద తయారు చేయడం ఎంతవరకు సబబన్నది పక్కన పెట్టినా, గోదావరి తీరపు ఊరికి రొట్టెల లెక్క ఏ మూలకూ చాలదు. అక్కడ లెక్కించవలసినవి గానుగలు, కుమ్మరి బట్టీలు, కల్లు పాకలు. పట్టికలో నిలిచే విలువ అంకెల్లో లేదు, అరుదైనదేదో మామూలుదేదో చెప్పడంలో ఉంది. ఎనభై మంది ఉన్న వృత్తికి ఒక వాడ ఉంటుంది, పెద్దమనిషి ఉంటాడు, కట్టుబాట్లు ఉంటాయి. ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్న వృత్తికి వాడ ఉండదు. అతని గుమ్మం దగ్గర ఆటగాళ్లు తమ శత్రువులను కూడా కలుసుకుంటారు.

ఈ సూత్రాలతో ఒక ఊరిని నిలబెట్టి చూడవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో పడవలు నడిచే కాలువలు, వాటి మీద పడవలను దాటించడానికి తెరిచి మూసే తలుపులున్న లాకులు విస్తరించాయి. అలాంటి నేలను ఆధారం చేసుకుని ‘ఉప్పుమొగ’ అనే కల్పిత రేవును ఊహిద్దాం. జనాభా 12 వేలు. రాస్ లెక్కన 200 ఎకరాలు కూడా అక్కరలేదు, అంటే ఒక చదరపు కిలోమీటరు లోపే. తీరిక ఉన్న మనిషి పావుగంటలో దాటేసే ఊరు. నెలల తరబడి సాగే ఆటకు ఇంత చిన్న ఊరు సరిపోతుందా అన్న అనుమానం కలగడం సహజం.

దానిని పెద్దది చేసేది కాలువ. ఊరి నడుమ నుంచి కాలువ వచ్చి నదీపాయలో కలుస్తుంది. కలిసే చోట లాకు ఉంది. బంగాళాఖాతం తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు మీద పాయలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. లాకు తలుపులు అజాగ్రత్తగా తెరిస్తే ఆ నీరు కాలువలోకి ఎక్కి తాగునీటిని, ఎగువనున్న వరిచేలను పాడు చేస్తుంది. కాలువ దాటడానికి మూడు దారులున్నాయి: ఎగువన పాత ఇటుక వంతెన, మధ్యలో బల్లకట్టు, దిగువన లాకు తలుపుల మీద వేసిన నడక పలకలు. పడవల కోసం ఆ దిగువ తలుపులు తెరిచినంతసేపు పలకల దారి తెగిపోతుంది. అందుచేత ఉప్పుమొగలో ఒక గట్టు నుంచి మరో గట్టుకు రెండు నిమిషాలు పడుతుందా, అరగంట పడుతుందా అన్నది సముద్రాన్ని బట్టి ఉంటుంది. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి నిన్న అర్ధరాత్రి పనికొచ్చిన పథకం వారం తరువాత పనికిరాదు. పటం పక్కన పోటు వేళల పట్టిక ఒకటి ఉంచుకుంటే గేమ్ మాస్టర్‌కు వేరే గడియారం అక్కరలేదు.

ఇక వర్గాలు. ఉప్పు కొఠార్ల షావుకార్లకు సరుకు వేగంగా, వీలైతే సుంకం ఠాణా కళ్లు పడకుండా, రాత్రిపూట దాటాలి. ఎగువ రైతులకు లాకు ఎంత తక్కువగా తెరుచుకుంటే అంత మంచిది. పడవ సరంగులకు కూలి ప్రయాణానికి ఇంతని కాబట్టి ఎన్నిసార్లు తెరిస్తే అన్ని డబ్బులు. కానీ వాళ్లు లాకు దగ్గర పడిగాపులు పడితేనే గట్టు మీది పూటకూళ్ల ఇళ్లకు బేరం. వీళ్లందరి నడుమ తలుపులు తిప్పే లస్కరు ఉన్నాడు. జీతం చిన్నది, చేతిలో ఉన్నది ఊరి గొంతు. నాలుగు వర్గాల కోరికలూ ఒకే చోటికి వచ్చి కలవడం ఇక్కడి రూపకల్పన. ఒక వర్గానికి కోట, ఇంకో వర్గానికి గుడి, మరో వర్గానికి రేవు అని విడివిడిగా పంచిపెట్టి ఉంటే ఎవరి చోట వాళ్లు ప్రశాంతంగా బతికేవారు. ఆటగాళ్లకు చేయడానికి పని దొరికేది కాదు.

ఇంత అయ్యాక ఉప్పుమొగ పటంలో పేరుపెట్టి చూపవలసినవి పది చోట్లకు మించవు. కెవిన్ లించ్ అనే నగర రూపకర్త 1960లో బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాల గురించి రాస్తూ, మనుషులు తమ ఊరిని దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, గుర్తులు అనే ఐదు రకాల ఆనవాళ్లతో తలలో పెట్టుకుంటారని వివరించాడు. విశాఖపట్నంలో జగదాంబ సెంటర్ ఒక సినిమా హాలు పేరుతో నిలిచింది. హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర కర్ర వంతెన లేదు, పేరు ఉంది. కల్పిత నగరంలో కూడా ఇలా చచ్చిపోయిన వస్తువు పేరు మోసే చోటు ఒకటుంటే, దాని సంగతి ఏమిటని ఆటగాళ్లు తప్పకుండా అడుగుతారు. పేట, పాలెం, గూడ, వాడ, గంజ్ వంటి చివరలు కూడా ఊరికే రావు. పాలెం అంటే ఒకప్పుడు సైన్యం దిగిన చోటో చేపలు పట్టేవారి పల్లెయో, గంజ్ అంటే ధాన్యపు అంగడి. పేర్లు చప్పుడు బాగుందని పెట్టినవైతే పటం చదివేవారికి ఆ సూచన దొరకదు.

జంబాటిస్టా నొల్లి 1748లో అచ్చు వేసిన రోమ్ పటం నుంచి నేర్చుకోవలసినది మరొకటి ఉంది. అందులో ఇళ్ల సముదాయాలు నల్లగా, వీధులు తెల్లగా ఉంటాయి; చర్చీల లోపలి భాగాలు కూడా వీధుల్లాగే తెల్లగా ఉంటాయి, ఎందుకంటే ఎవరైనా లోపలికి పోవచ్చు. తరుముతున్నవారి నుంచి తప్పించుకునే పాత్రకు కావలసిన సమాచారం సరిగ్గా ఇదే. ఉప్పుమొగలో తెల్లగా మిగలవలసినవి గుడి మండపం, సంత పాకలు, పూటకూళ్ల ఇంటి వసారా. అయితే ఏ గుడిలోకి ఎవరిని రానిచ్చేవారన్న చరిత్ర తెలిసిన నేల మీద, ఒకరికి తెల్లగా ఉన్న చోటు మరొకరికి నల్లగా ఉండవచ్చు. దానిని ఆటలోకి తేవాలా వద్దా, తెస్తే ఎంతవరకు అన్నది ఆట మొదలుపెట్టకముందే బల్ల చుట్టూ ఉన్నవారంతా కలిసి తేల్చుకోవలసిన సంగతి. పటం గీసేవారు ఒక్కరే తేల్చేది కాదు.

పోరాటానికి వాడే పటం వేరుగా ఉండాలి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో ఒక గడి ఐదడుగులు, బల్ల మీద ఒక అంగుళం. ఓరుగల్లు రాతి కోటను ఆ కొలతలో పరిస్తే ఇరవై మీటర్ల కాగితం కావాలి. కాబట్టి లాకు చుట్టుపక్కల ఒక పటం, పూటకూళ్ల ఇంటి లోపల ఒక పటం ఉంటే చాలు. మిగిలిన ఊరికి నిమిషాల కొలత సరిపోతుంది. ఎత్తుల మీద కట్టిన ఊరికి ఇది కూడా చాలదు. అదే ఆటకు చెందిన ఎబెరాన్ అనే కల్పిత లోకంలోని షార్న్ నగరంలో గోపురాల పై అంతస్తుల్లో ధనికులు, అడుగున పేదలు ఉంటారు. అక్కడ పై నుంచి చూసి గీసిన పటం కన్నా, కోసి చూపిన నిలువు బొమ్మే ఎక్కువ చెబుతుంది.

కంప్యూటరు సాధనాల గురించి చెప్పవలసింది తక్కువే. ‘వాటాబూ’ పేరుతో ఒలెగ్ దోల్యా తయారు చేసిన ఉచిత నగర జనకం ఒక్క నొక్కుకు గోడలు, వీధులు, వందలాది ఇళ్ల కప్పులు గీసి ఇస్తుంది. ఇంకార్నేట్ వంటివి రంగులు, చెట్లు అద్దుతాయి. చూడముచ్చటైన ఆ పటంలో నది ఎందుకు అక్కడ ఒంపు తిరిగిందో, గోడ ఎవరికి భయపడి కట్టారో చెప్పేవారు ఉండరు. ముందు అడ్డంకులు, వర్గాలు నిర్ణయించుకుని, వాటికి నప్పే ఆకారం వచ్చేదాకా నొక్కుతూ పోతే మాత్రం ఆ సాధనం చాలా శ్రమ తగ్గిస్తుంది.

ఆటగాళ్ల చేతికిచ్చే పటం గేమ్ మాస్టర్ పటానికి నకలు కానవసరం లేదు. ఉప్పుమొగలో దారి అడిగితే ఎవరూ ఉత్తరం, దక్షిణం అని చెప్పరు. ఎగువకు, దిగువకు, గట్టు మీద, గట్టు అవతల అని చెబుతారు. కాబట్టి సరంగు ఒకడు బొగ్గుతో గీసినట్టుగా, కొలతలు లేకుండా, అతనికి అప్పున్న పూటకూళ్ల ఇల్లు మాయం చేసి, అతను మొక్కుకునే అమ్మవారి గుడిని నిజానికన్నా పెద్దదిగా చూపిన కాగితం ఇస్తే సరిపోతుంది. మాయమైన ఆ ఇల్లు ఏమిటని ఆటగాళ్లే కనిపెడతారు. ఆటలో ఎప్పుడో ఒక రాత్రి లాకు తలుపు విరగ్గొడతారు కూడా. అప్పుడు గేమ్ మాస్టర్ తన పటంలో నడక పలకలను చెరిపేసి, ఎగువ చేలలో ఉప్పెక్కిన మేరకు పెన్సిలుతో అడ్డగీతలు గీసి, బల్లకట్టు నడిపేవాడు మర్నాటి నుంచి ఎంత అడుగుతాడో పక్కన రాసుకోవాలి.